బడిలో వెనుకబాటు, బరిలో నిలకడ: హకీంపేట నుంచి కల్లెడ వరకు ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

చదువులో వెనుకబడిన పిల్లలు పట్టుదలతో, క్రీడల ద్వారా పైకి వచ్చారన్న కథనం తెలుగు సమాజంలో తరచుగా వినిపిస్తుంది. ఆ కథనంలో వ్యక్తి సంకల్పానికి దక్కినంత చోటు సంస్థలకు, ఉపాధ్యాయులకు, చట్టాలకు, నియమాలకు దక్కలేదు. హైదరాబాదు ఉత్తర శివారులోని హకీంపేట క్రీడాపాఠశాల, తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాలు, వరంగల్ జిల్లా కల్లెడ గ్రామం ఆధారంగా ఈ వ్యాసం ఆ లోటును పరిశీలిస్తుంది. పారా అథ్లెట్ జీవాంజి దీప్తి జీవితం ఈ పరిశీలనకు కేంద్రం. బడి ‘లోపం’గా చూసిన భేదం క్రీడారంగంలో ‘అర్హత’గా మారడానికి ఏయే చారిత్రక పరిస్థితులు తోడ్పడ్డాయో వివరించడం, ఆ మార్పుకు ఉన్న పరిమితులను గుర్తించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: వ్యాయామవిద్య, హకీంపేట, క్రీడాపాఠశాల, గురుకులాలు, కల్లెడ, జీవాంజి దీప్తి, మేధోవైకల్యం, పారాలింపిక్స్.

1. ఉపోద్ఘాతం:

సికింద్రాబాదు నుంచి ఉత్తరానికి రెండు ప్రధాన మార్గాలు సాగుతాయి. ఒకటి బోయినపల్లి, కొంపల్లి మీదుగా మేడ్చల్‌కు, దానిని ఆనుకొని ఉన్న అత్వెల్లికి చేరే జాతీయ రహదారి. రెండవది హకీంపేట, తూంకుంట మీదుగా శామీర్‌పేటకు, అక్కడి నుంచి కరీంనగర్ వైపు సాగే రాజీవ్ రహదారి. ఒకప్పుడు రంగారెడ్డి జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2016 అక్టోబరులో ఏర్పడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో చేరింది. గత మూడు దశాబ్దాలలో ఈ దారుల వెంట ఇంజనీరింగు కళాశాలలు, ఆవాస పాఠశాలలు, పరిశ్రమలు వరుసగా వెలిశాయి. మార్కులే ప్రమాణంగా నడిచే విద్యావ్యవస్థ విస్తరించిన తీరు ఇక్కడ కంటికి కనిపిస్తుంది.

ఇదే ప్రాంతంలో మార్కులతో సంబంధం లేని కొలతలపై నిలిచిన రెండు సంస్థలు కూడా ఉన్నాయి. రాజీవ్ రహదారి మార్గంలో, హకీంపేటలో ఉన్న క్రీడాపాఠశాల మొదటిది. బోయినపల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో 1984లో నెలకొల్పిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ రెండవది. మొదటిది పిల్లల శరీరసామర్థ్యాన్ని కొలుస్తుంది. రెండవది బడి అర్థం చేసుకోలేకపోయిన పిల్లల మేధోస్థితిని అంచనా వేస్తుంది. చదువులో వెనుకబాటు, క్రీడల ద్వారా ఎదుగుదల అనే అంశాన్ని చారిత్రకంగా చూడాలంటే ఈ రెండు రకాల కొలతలనూ కలిపి చూడవలసి ఉంటుంది.

2. డ్రిల్లు నుంచి వ్యాయామవిద్య దాకా:

తెలుగునాట బడిలో ఆటలకు మొదట దక్కిన పేరు ‘డ్రిల్లు’. ఆ మాటలోనే దాని పుట్టుక ఉంది. వలసపాలనలో పాఠశాలలకు చేరిన వ్యాయామం సైనిక కవాతును పోలి ఉండేది. వరుసలో నిలబడడం, ఆజ్ఞకు కదలడం, క్రమశిక్షణ అలవరచుకోవడం దాని ప్రయోజనాలుగా భావించారు. పిల్లవాడిలోని ప్రత్యేక సామర్థ్యాన్ని గుర్తించడం ఆనాటి డ్రిల్లు మాస్టారు బాధ్యతల్లో లేదు. 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామవిద్యా కళాశాలను ప్రారంభించిన తరువాత, శిక్షణ పొందిన వ్యాయామోపాధ్యాయుల తరం దక్షిణ భారతంలో తయారయింది.

అంతకుముందే ఈ దారిలో నడిచిన తెలుగువారిలో కోడి రామ్మూర్తినాయుడు (1882–1942) ముఖ్యులు. వీరఘట్టంలో పుట్టిన ఆయన మద్రాసులో వ్యాయామశిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయులుగా పనిచేసి, ఆ తరువాత సర్కస్ సంస్థను నెలకొల్పి మల్లయోధులుగా దేశవిదేశాల్లో పేరు తెచ్చుకున్నారు. హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం (1909–1963) కూడా వృత్తిరీత్యా ఉపాధ్యాయులే. ఆయన శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణపతకాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందింది.

ఈ ఇద్దరి జీవితాలూ ఒక విషయాన్ని స్పష్టం చేస్తున్నాయి. తెలుగు ప్రాంతాల క్రీడాచరిత్రలో బడి ఉపాధ్యాయుడు మొదటి నుంచీ ఉన్నాడు. అయినా బడి పాలనలో ఆయన స్థానం అంచునే ఉండిపోయింది. పరీక్షలు దగ్గరపడగానే ఆటల పీరియడు గణితానికో, సామాన్యశాస్త్రానికో పోవడం ఇప్పటికీ సర్వసాధారణం. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలన్నది. అయితే ఆ చట్టం అనుబంధంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల విభాగంలో, అదీ వందమందికి పైగా పిల్లలున్న చోట, వ్యాయామవిద్యకు కేటాయించినది పాక్షికకాల బోధకుడిని మాత్రమే. బడి వెనుకబడినవాడిగా ముద్రవేసిన పిల్లవాడిని మరో కంటితో చూడగలిగిన ఉపాధ్యాయుడు చట్టం దృష్టిలోనూ సగం ఉపాధ్యాయుడుగానే మిగిలాడు.

3. హకీంపేట క్రీడాపాఠశాల – మరో ప్రవేశపరీక్ష:

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1993లో హకీంపేటలో క్రీడాపాఠశాలను స్థాపించింది. అప్పటికి దేశంలో క్రీడాపాలన రూపురేఖలు మారుతున్నాయి. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడలు జరిగాయి. 1984లో భారత క్రీడా ప్రాధికార సంస్థ ఏర్పడింది. ప్రతిభను చిన్న వయసులోనే గుర్తించి, వసతి, ఆహారం, చదువు, శిక్షణ ఒకేచోట అందించాలన్న ఆలోచన అధికారిక విధానంగా మారింది. హకీంపేట పాఠశాల ఆ ఆలోచనకు తెలుగు ప్రాంతంలో దక్కిన రూపం. తరువాత కరీంనగర్, ఆదిలాబాద్, కడపలలో కూడా క్రీడాపాఠశాలలు వచ్చాయి.

ఈ పాఠశాలలో ప్రవేశం నాలుగవ తరగతిలో. ఎంపిక పద్ధతి గమనించదగినది. ఎత్తు, బరువు కొలుస్తారు. 30 మీటర్ల వేగపు పరుగు, 800 మీటర్ల పరుగు, నిలిచి దూకే దూరం, నిలువుగా ఎగిరే ఎత్తు, షటిల్ పరుగు, మెడిసిన్ బాల్ విసురు, శరీరపు సాగుదల వంటి పరీక్షలు పెడతారు. ఎనిమిదేళ్ల, తొమ్మిదేళ్ల పిల్లవాడికి ఎక్కాలు వచ్చునా, గుణింతం తప్పకుండా రాస్తాడా అన్నది ఇక్కడ నిర్ణాయకం కాదు. మార్కుల జాబితాలో అడుగున ఉన్న పిల్లవాడు మొదటి వరుసలో నిలిచే అవకాశం ఉన్న అరుదైన ప్రభుత్వ ప్రవేశపరీక్ష ఇది.

అయితే ఇది కూడా పరీక్షే. రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చిన పిల్లల్లో కొద్దిమందికే చోటు దక్కుతుంది. పౌష్టికాహారం అందక ఎత్తు పెరగని పిల్లవాడు అక్షరాల పరీక్షలో ఓడినట్లే ఈ పరీక్షలోనూ ఓడిపోగలడు. క్రీడాపాఠశాల బడికి ప్రత్యామ్నాయమైన కొలతను ఇచ్చిందే కాని, కొలతను రద్దు చేయలేదు. హకీంపేట చరిత్రను అంచనా వేసేటప్పుడు ఈ రెండు పార్శ్వాలనూ విడదీయరాదు.

4. స్టువార్టుపురం నుంచి గోల్డ్‌కోస్ట్‌కు:

హకీంపేటలో తయారైన క్రీడాకారుల్లో రాగాల వెంకట రాహుల్ ఒకడు. బాపట్ల దగ్గరి స్టువార్టుపురం అతని ఊరు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం నీడలో, 20వ శతాబ్ది రెండవ దశకంలో, సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఏర్పడిన పునరావాస గ్రామమది. 1952లో ఆ చట్టం రద్దయినా ఊరి పేరుకు అంటిన ముద్ర వెంటనే చెరిగిపోలేదు. సినిమాలు, జనశ్రుతి ఆ ముద్రను మరింత కాలం నిలిపాయి. ఆ ఊరి పిల్లవాడు బయటి బడిలో చేరినప్పుడు అతనికన్నా ముందు అతని ఊరి పేరు తరగతి గదిలోకి అడుగుపెట్టేది.

ఈ ముద్రకు దూరంగా, బరువులెత్తే విద్యలో ఆ ఊరు మరో గుర్తింపును సంపాదించుకుంది. రాహుల్ 2014లో నాన్‌జింగ్ యువ ఒలింపిక్స్‌లో 77 కిలోల విభాగంలో రజతం గెలిచాడు. 2018 ఏప్రిల్‌లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో 151, 187 కిలోలు, మొత్తం 338 కిలోలు ఎత్తి స్వర్ణం సాధించాడు. వెయిట్‌లిఫ్టింగ్‌లో న్యాయనిర్ణేతలు చూసేది బరువు లేచిందా, మోచేతులు నిలిచాయా అన్నది మాత్రమే. ఎత్తేవాడి ఊరి పేరుకు అక్కడ విలువా లేదు, నిందా లేదు. సామాజిక ముద్ర మోస్తున్నవారికి క్రీడ ఇచ్చే విడుదలకు ఇదొక మూలకారణం.

5. గురుకులాలు – బడి లోపలే మార్పు:

క్రీడాపాఠశాల పిల్లవాడిని మామూలు బడి నుంచి వేరుచేసి తీర్చిదిద్దే పద్ధతి. బడి స్వభావాన్నే మార్చడం మరొక పద్ధతి. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్లగొండ జిల్లా సర్వేలులో మొదలైన గురుకుల విద్యావిధానం ఈ రెండవదానికి పునాది. తరువాతి కాలంలో విస్తరించిన సాంఘిక సంక్షేమ గురుకులాలు దళిత, గిరిజన కుటుంబాల పిల్లలకు వసతితో కూడిన చదువును అందించాయి. 2012 నుంచి 2021 వరకు ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ కార్యదర్శిగా ఉన్న కాలంలో ఈ గురుకులాల్లో క్రీడలు, పర్వతారోహణ ప్రాధాన్యం పొందాయి.

నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మలావత్ పూర్ణ వ్యవసాయ కూలీల బిడ్డ. తాడ్వాయి గురుకుల విద్యార్థిని. భువనగిరి గుట్టపై శిలారోహణ శిక్షణతో మొదలైన ఆమె ప్రయాణం 2014 మే 25న ఎవరెస్టు శిఖరాన్ని చేరింది. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఆ శిఖరాన్ని అధిరోహించిన బాలికల్లో అతి పిన్న వయస్కురాలు ఆమే. ఖమ్మం జిల్లా గురుకుల విద్యార్థి సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఆమెతోపాటు శిఖరం చేరాడు. అదే వ్యవస్థలో చదివిన అగసర నందిని హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్‌లో 5712 పాయింట్లతో కాంస్యం గెలిచింది.

ఈ విజయాలను విడివిడి అద్భుతాలుగా చూడడం వాడుకలో ఉంది. చారిత్రకంగా చూస్తే వీటన్నిటికీ సామాన్యమైన అంశం ఒకటుంది. మూడు పూటల తిండి, నిద్రించడానికి చోటు, వెంట ఉండే శిక్షకుడు ఒకేచోట దొరికిన తరువాతనే పట్టుదల అన్న గుణం ఫలితంగా మారింది.

6. కల్లెడ – ఒక ఊరు, ఇద్దరు క్రీడాకారిణులు:

వరంగల్ జిల్లా పర్వతగిరి మండలంలోని కల్లెడ గ్రామం ఈ అంశానికి చక్కని ఉదాహరణ. ఈ ఊరి బడిలో విలువిద్య నేర్చుకున్న వర్ధినేని ప్రణీత 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో భారతదేశం తరఫున పాల్గొంది. మారుమూల గ్రామపు బడిలో ఆటకు చోటుంటే ఏమి జరుగుతుందో ఆ ఊరు అప్పటికే చూసింది.

అదే ఊరిలో 2003 సెప్టెంబరు 27న జీవాంజి దీప్తి పుట్టింది. తల్లిదండ్రులు కూలిపనులతో జీవించేవారు. ఆమెకు పుట్టుకతోనే మేధోవైకల్యం ఉంది. మాట, గ్రహణం వయసుకు తగినట్లు సాగలేదు. ముఖరూపాన్ని చూసి ‘పిచ్చి’ అని, ‘కోతి’ అని తోటిపిల్లలు, ఊరివారు ఎగతాళి చేసేవారని ఆమె తల్లిదండ్రులు తరువాతి కాలంలో పత్రికలకు చెప్పారు. పలక, పుస్తకం, పరీక్ష అనే మూడు మెట్ల మీద నడిచే బడిలో ఇటువంటి పిల్లకు దక్కే స్థానం సాధారణంగా వెనుక వరుసే. చదువు రాకపోవడం ఒక బాధ. ‘నీకు రాదు’ అన్న మాటను రోజూ వినడం అంతకుమించిన బాధ.

బడిలోని వ్యాయామోపాధ్యాయుడు ఆమె పరుగును గమనించారు. అక్కడి నుంచి ఆమె జిల్లా, రాష్ట్రస్థాయి పోటీలకు వెళ్లింది. అథ్లెటిక్స్ శిక్షకులు నాగపురి రమేశ్ ఆమె ప్రతిభను గుర్తించి హైదరాబాదులో శిక్షణకు తీసుకున్నారు. పుల్లెల గోపీచంద్ తోడ్పాటు కూడా లభించింది. మొదట ఆమె పరుగెత్తినది సాధారణ విభాగపు పోటీలలో. పారా క్రీడల వైపు మళ్లడం తరువాతి ఘట్టం.

ఆ తరువాతి ఫలితాలు అందరికీ తెలిసినవే. 2023 అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో మహిళల 400 మీటర్ల టి–20 పరుగును 56.69 సెకన్లలో ముగించి స్వర్ణం గెలుచుకుంది. 2024 మే 20న జపానులోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో 55.07 సెకన్లతో, అమెరికాకు చెందిన బ్రియానా క్లార్క్ పేరిట ఉన్న 55.12 సెకన్ల ప్రపంచ రికార్డును అధిగమించింది. 2024 సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం సాధించింది. స్వర్ణవిజేత యూలియా షులియార్‌కు, ఆమెకు మధ్య తేడా సెకనులో మూడింట రెండు వంతుల కన్నా తక్కువ. మేధోవైకల్య విభాగంలో పారాలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ క్రీడాకారిణి ఆమె. 2024 సంవత్సరానికి అర్జున పురస్కారం లభించింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్–2 స్థాయి ఉద్యోగం, వరంగల్‌లో ఇంటిస్థలం ప్రకటించింది.

7. నింద అర్హతగా మారిన క్రమం:

దీప్తి కథలో అసలు చారిత్రక ప్రశ్న పతకాల దగ్గర లేదు. ఊరు ఏ భేదాన్ని చూసి నిందించిందో, ఆ భేదమే ఆమెకు అంతర్జాతీయ బరిలో ప్రవేశార్హత అయింది. ఈ పరివర్తన ఎలా సాధ్యమైంది అన్నదే అసలు ప్రశ్న.

దీని వెనుక అంతర్జాతీయ చరిత్ర ఉంది. 2000 సిడ్నీ పారాలింపిక్స్‌లో మేధోవైకల్య విభాగంలో స్వర్ణం గెలిచిన స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టులోని 12 మందిలో 10 మందికి అసలు వైకల్యమే లేదని తరువాత బయటపడింది. దాని ఫలితంగా ఆ విభాగం మొత్తాన్నీ పారాలింపిక్స్ నుంచి తొలగించారు. కొందరి మోసానికి ప్రపంచమంతటి మేధోవైకల్య క్రీడాకారులు శిక్ష అనుభవించారు. ఏథెన్స్, బీజింగ్ పారాలింపిక్స్‌లో వారికి పతక పోటీలు లేవు. శాస్త్రీయమైన వర్గీకరణ పద్ధతి రూపొందిన తరువాత 2009లో పునఃప్రవేశానికి ఆమోదం లభించింది. 2012 లండన్‌లో వారు తిరిగి బరిలోకి వచ్చారు. మహిళల 400 మీటర్ల టి–20 పరుగు 2016 రియోలో చేరింది. దీప్తి మరింత ముందు తరంలో పుట్టి ఉంటే, ఎంత వేగంగా పరుగెత్తినా, ఆమె వయసుకు తగిన సమయంలో ఈ పరుగు పారాలింపిక్ పట్టికలోనే ఉండేది కాదు.

టి–20 విభాగంలో చేరడానికి మేధోసామర్థ్యం నిర్దేశిత స్థాయికన్నా తక్కువగా ఉండడం, నిత్యజీవన వ్యవహారాల్లో ఇబ్బంది ఉండడం, ఈ పరిస్థితి ఎదుగుదల వయసులోనే మొదలై ఉండడం నిరూపించాలి. దీనికి మనోవైజ్ఞానిక పరీక్షలు, ధ్రువపత్రాలు అవసరం. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ వంటివి ఇటువంటి నిర్ధారణలకు ఆధారం. దేశంలో 1995 నాటి వికలాంగుల చట్టం, దాని స్థానంలో 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం ఈ నిర్ధారణను దయగా కాక హక్కుగా మార్చాయి. 2016 చట్టం గుర్తించిన వైకల్యాల సంఖ్య 21.

‘పిచ్చి’ అన్న మాటకూ, ‘మేధోవైకల్యం’ అన్న మాటకూ ఉన్న తేడా కేవలం మర్యాదకు సంబంధించినది కాదు. మొదటిది మనిషిని గడప బయట నిలబెడుతుంది. రెండవది ఏ గడప దాటడానికి ఏ సాయం కావాలో చెబుతుంది. అయితే బడిలో ఈ రెండవ మాట ఇంకా సరిగా అడుగుపెట్టలేదు. క్రీడారంగంలో నిర్ధారణ పోటీకి ద్వారం తెరిచింది. బడిలో అదే నిర్ధారణ బోధనాపద్ధతిని మార్చడానికి దారితీయవలసి ఉండగా, చాలాచోట్ల పిల్లను వెనుక వరుసలో కూర్చోబెట్టడానికి సమర్థనగా మిగులుతోంది.

8. సంకల్పం – దాని షరతులు:

ఇంతవరకు పరిశీలించిన జీవితాల్లో పట్టుదల పాత్రను తక్కువ చేయడానికి వీలులేదు. 400 మీటర్ల పరుగులో చివరి 100 మీటర్లు శరీరం మొరాయించే దశ. అక్కడ నిలిచేది సాధన, మనోబలం మాత్రమే. ఆ బలం ఏ ప్రభుత్వమూ ఇచ్చేది కాదు. కానీ ఆ బలం ఉన్న పిల్లలందరూ ఆ 100 మీటర్ల దాకా చేరడం లేదు.

విజయగాథల్లో మూడు షరతులు పదేపదే కనిపిస్తున్నాయి. మొదటిది చూసే కన్ను: బడిలో పూర్తికాలపు వ్యాయామోపాధ్యాయుడు ఉండడం. రెండవది నిలిపే నీడ: ఆహారం, వసతి, శిక్షణ అందించే హకీంపేట, గురుకులాల వంటి సంస్థలు. మూడవది తెరిచిన ద్వారం: వర్గీకరణ నియమాలు, చట్టాలు, ఉద్యోగ కేటాయింపులు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా సంకల్పం వ్యక్తిగత దుఃఖంగానే ముగిసే ప్రమాదం ఉంది. పతకం రాని పిల్లల చరిత్ర ఎక్కడా నమోదు కాకపోవడం వలన ఈ ప్రమాదం కంటికి కనబడదు. క్రీడాపాఠశాలలో ఏళ్లు గడిపి, గాయంతోనో, ఎంపికలో తప్పిపోయో వెనుదిరిగిన విద్యార్థి చదువులో రెండవసారి వెనుకబడతాడు. అటువంటి వారి జీవితాలను మౌఖిక చరిత్రగా సేకరించడం ఈ రంగంలో జరగవలసిన పరిశోధన.

మరొక జాగ్రత్త కూడా అవసరం. ‘ఆమె సాధించింది, నీవెందుకు సాధించలేవు?’ అని వెనుకబడిన పిల్లవాడిని అడగడం ఈ కథలను తలకిందులు చేయడమే. దీప్తి విజయం చెబుతున్నది వేరు: ఆమెను కొలిచిన మొదటి కొలత తప్పు. ఆ తప్పును సరిదిద్దుకోవలసినది కొలిచినవారు.

9. ముగింపు:

హకీంపేట క్రీడాపాఠశాల స్థాపన నుంచి పారిస్ పారాలింపిక్స్ వరకు గడిచిన మూడు దశాబ్దాల కాలం, తెలుగు ప్రాంతాల్లో బడికి, ఆటకు మధ్య సంబంధం నెమ్మదిగా మారిన కాలం. ఊరి ముద్ర, పేదరికం, మేధోవైకల్యం అనే మూడు వేర్వేరు కారణాలతో అంచుకు నెట్టబడిన పిల్లలు ఈ కాలంలో క్రీడల ద్వారా గుర్తింపు పొందారు. వారి పట్టుదల నిజం. దానికి ఆధారంగా నిలిచిన సంస్థలు, ఉపాధ్యాయులు, చట్టాలు కూడా అంతే నిజం.

2020 నాటి జాతీయ విద్యావిధానం పాఠ్యాంశాలకు, క్రీడలకు మధ్య గట్టి గీత ఉండరాదన్నది. ఆ మాట అమలు కావాలంటే ఆటల పీరియడును పరీక్షల నెలలోనూ కాపాడడం, ప్రతి ఉన్నతపాఠశాలలో పూర్తికాలపు వ్యాయామోపాధ్యాయుని నియమించడం, మేధోవైకల్యాన్ని ప్రాథమిక తరగతుల్లోనే గుర్తించి బోధనను అందుకు తగినట్లు మలచడం జరగాలి. పారిస్‌కు వెళ్లగలిగే పిల్లలు కొద్దిమందే. కల్లెడలోనైనా, అత్వెల్లిలోనైనా వెనుక వరుసలో కూర్చున్న మిగతా పిల్లలకు పతకం కన్నా ముందు కావలసినది తమకు ఏది వచ్చునో అడిగే బడి.